టానిక్ పెట్టెల మీద అండమాన్

నాకు అండమాన్ చూపించింది మా అక్క రెండెకరాల వరి. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఎల్లారెడ్డిలో నాకు ఎరువులు, పురుగుమందుల దుకాణం. కంపెనీ వాళ్లు సీజనుకొక టార్గెట్ పెడతారు. అన్ని పెట్టెలూ అమ్మిన డీలర్‌కు విమానం టికెట్టు, హోటలు, సముద్రంలో ఆటలు. ఆ యాసంగిలో నా దగ్గర పైరుకు బలమని అమ్మే టానిక్ పెట్టెలు మిగిలిపోయాయి. మా దిక్కు రైతు ఆకు తెంపుకొచ్చి కౌంటర్ మీద పెడతాడు, డీలర్ ఏది చేతిలో పెడితే అది తీసుకుపోతాడు. కూలీ కలిసొస్తుందని రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తాడు. ఆ అలవాటు నాకు వరమైంది. ఏ మందుకు వచ్చినా పైన ఒక టానిక్ సీసా అంటగట్టాను.

చివరి సీసాలు అక్కకు ఇచ్చాను. అక్కది నాగిరెడ్డిపేట దగ్గర పోచారం ప్రాజెక్టు కింది పొలం. బావ దుబాయిలో ఉంటాడు, వ్యవసాయమంతా ఆమెదే. వరి పొట్ట మీద ఉంది. పురుగుమందు, తెగులు మందు, టానిక్ మూడూ కలిపి కొట్టమన్నాను. తెగులు మందుతో ఈ టానిక్ కలపవద్దని సీసా మీద సన్నటి అక్షరాల్లో ఉంది. అక్కకు చదువు రాదు. నేను చదివాను. ఏం కాదులే అనుకున్నాను.

మూడో రోజుకు నేను హావ్‌లాక్ దీవిలో ఉన్నాను. కామారెడ్డి, బాన్సువాడ, సదాశివనగర్ డీలర్లందరికీ ఒకే రంగు టోపీలు. అద్దాల అడుగున్న పడవలో కూర్చోబెట్టి పగడాలు చూపించారు. ఒకాయన ఇక్కడ ఎకరం ఎంత పలుకుతుందని పడవవాణ్ని అడిగాడు. ఇంకొకాయన పొద్దున టిఫిన్లో మామిడికాయ తొక్కు లేదని సాయంత్రం దాకా సణిగాడు. నాకు మాత్రం సంబరమే. లైఫ్ జాకెట్ వేసుకుని, బనానా బోటు మీద కాళ్లు చాపి ఫొటో దిగి, స్టేటస్‌లో పెట్టాను.

సముద్రం అడుగున నడిపిస్తామని వరుసలో నిలబెట్టినప్పుడు అక్క ఫోన్ వచ్చింది. ఆకులు కొసల నుంచి ఎర్రబడి మాడుతున్నాయట. పక్కింటి పిల్లతో ఫొటో పంపించింది. చూడగానే తెలిసింది, మందే కాల్చింది. వెంటనే ఉత్త నీళ్లు కొట్టించమని చెప్పి ఉంటే కొంతన్నా మిగిలేదేమో. పక్కనే కంపెనీ మేనేజరు నిలబడి ఉన్నాడు.

"ఎండలకు అట్లనే అయితది అక్కా. మడికి నీళ్లు పెట్టు, నేను వచ్చినంక చూస్తా" అన్నాను.

సరే అన్నది. నా నెత్తి మీద గాజు హెల్మెట్ పెట్టి నిచ్చెన దింపారు. చుట్టూ పసుపుపచ్చ చేపలు తిరుగుతున్నాయి. పగడాలను ముట్టుకోవద్దని, ముట్టుకుంటే చస్తాయని ముందే చెప్పారు. చేతులు రెండూ కట్టుకుని బుద్ధిమంతుడిలా నడిచాను. అంత జాగ్రత్త అక్క పొలం మీద చూపలేదు కదా అని అక్కడే నా మీద నాకు అసహ్యం వేసింది. అయినా పైకి వచ్చాక ఫోన్ చేయలేదు. సాయంత్రం కొబ్బరి బోండాం తాగుతూ సూర్యాస్తమయం చూశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వచ్చిన వారానికి నాగిరెడ్డిపేట పోయాను. వెన్నులు తెల్లగా నిటారుగా నిలబడ్డాయి. పాలు పోసుకున్న గింజ కనబడలేదు. ఏడాది తిండి తాలైపోయింది. ఒడ్డు మీద నలుగురు రైతులు చేరారు. నలుగురూ నా దగ్గరే మందులు కొంటారు. ఏ మందు కొట్టినవని అక్కను నిలదీశారు, అడుగుతూ నా దిక్కే చూశారు.

అక్క నా దిక్కు చూడలేదు.

"తమ్ముడు మంచి మందే ఇచ్చిండు. నాకే తెల్వక పాళ్లు తప్పి కలిపిన" అన్నది.

నోరు తెరిస్తే ఒక్క మాటతో తేలిపోయేది. ఆ మాటతో దుకాణమూ పోయేది. వంగి ఒక వెన్ను తెంపాను, గింజ నలిపి పరీక్షగా చూసినట్టు చూశాను. అందరూ వింటుండగా అన్నాను:

"ఒక్క ఫోన్ చేసి అడిగి కలపాలె గదా అక్కా."

"అవు తమ్మీ, తప్పయింది" అన్నది.