గుర్వమ్మ, తమ్ముడు, చెల్లెలు, ఒక బండ్ల బాట

ఎర్రవాగు అనే ఊళ్లో నాట్లు వేసే ముఠాకు గుర్వమ్మ పెద్ద. ఇరవై మంది ఆడవాళ్లను ఆటోల్లో ఎక్కించుకుని హుజూర్‌నగర్ చుట్టుపక్కల పొలాలన్నీ తిరుగుతుంది. ఆమె పిలిస్తే నాలుగు మళ్ల అవతలికి వినిపిస్తుంది. తండ్రి చనిపోయినప్పుడు ఆమెకు పదహారేళ్లు. తమ్ముడు విజేందర్‌కు ఎనిమిది, చెల్లెలు స్వర్ణకు ఐదు. తల్లితో పాటు కూలికి పోయి ఇద్దరినీ చదివించింది. చదివారు గానీ ఇద్దరూ ఆమె అనుకున్నట్టు కాలేదు.

విజేందర్ పంతులు కావాలని ఆమె ఆశ. అతను శిక్షణ మధ్యలో వదిలేసి హుజూర్‌నగర్‌లో బోర్డులు రాసే పనిలో చేరాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పనీ తగ్గింది. 2012లో తల్లి దినాల నాడు, పదిమంది ముందు, "రంగుడబ్బా పట్టుకొని తిరిగేటోని కోసం నా రెక్కలు ముక్కలు చేసుకున్న" అనేసింది గుర్వమ్మ. అతను విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆరేళ్లు మాటల్లేవు.

స్వర్ణ నల్లగొండలో ఒక వకీలు దగ్గర గుమస్తాగా కుదిరింది. ఎప్పుడన్నా వచ్చినా పట్టుమని నాలుగు మాటలు మాట్లాడేది కాదు. చదువుకున్న పొగరని గుర్వమ్మ నిర్ణయించేసుకుంది.

2018 వానాకాలంలో వాళ్ల కాలనీలో నర్సింగమ్మ అనే ముసలామె చనిపోయింది. కాలనీవాళ్ల బొందలగడ్డకు, అంటే శ్మశానానికి, దారి లేదు. వరిమళ్ల గట్ల మీదుగానే పాడె మోయాలి. ఆ రోజు మోసేవాళ్ల కాళ్లు జారి పాడె బురదలో పడింది. మడి గల రైతు వచ్చి నాటు తొక్కారని తిట్టాడు. గుర్వమ్మ శవం ముఖం మీది బురదను కొంగుతో తుడిచింది.

ఆ డిసెంబరులో ఊరి సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. అదే కాలనీలోని ప్రమీలమ్మను ఏకగ్రీవం చేద్దామని ఊరి పెద్దలు కూర్చున్నారు.

"నెమ్మదస్తురాలు. చెప్పినకాడ సంతకం పెడ్తది" అన్నాడు ఒకాయన.

గుర్వమ్మ లేచింది. "నేను గూడ నిలబడ్త. మాకు బొందలగడ్డకు బాట కావాలె."

నామినేషన్ కాగితాలు చేతికొచ్చాక గాని తెలియలేదు, వాటిని నింపడం తన వల్ల కాదని. ఆమెకు వచ్చింది సంతకం ఒక్కటే. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నల్లగొండ పోయింది. స్వర్ణ ఏమీ అడగకుండా కాగితాలు ముందేసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"అక్కా, ఓటర్ల లిస్టుల నీ పేరు వేరే తీరుగున్నది. గిట్లనే ఇస్తే కొట్టేస్తరు" అంటూ సరిచేసింది. అక్క ఎందుకు నిలబడుతోందో విన్నాక, "బొందలగడ్డకు బాట ఎందుకు లేదు?" అంది.

"ఎన్నడు లేదు."

"లేదని ఎవరన్నరు?"

స్వర్ణ రెండు రోజులు సెలవు పెట్టి, రెవెన్యూ ఆఫీసులో పాత గ్రామ నక్షకు, అంటే ఊరి పటానికి, నకలు తీయించింది. కాలనీ అంచు నుంచి శ్మశానం దాకా అందులో రెండు చుక్కల గీతలున్నాయి. అది బండ్ల బాట. ఏనాడో దున్ని మళ్లలో కలిపేసుకున్నారు.

"మనం కొత్తగ అడుక్కునేదేం లేదక్కా. ఉన్నదే ఇయ్యమంటున్నం."

గుర్వమ్మ ఆ కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. "నువ్వు మాట్లాడకుంటే పొగరనుకున్ననే" అంది.

"నువ్వు మాట్లాడుతుంటే నాకు సందెక్కడిది?" అని స్వర్ణ నవ్వింది.

కానీ అరచేతంత కాగితం మీది గీతలు ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. పెద్దగా గీయాలంది స్వర్ణ. గీసేవాడు ఎవరో ఇద్దరికీ తెలుసు.

విజేందర్ ఒక ట్రాక్టర్ ట్రాలీ వెనక పేరు రాస్తున్నాడు. అక్కను చూసీ కుంచె ఆపలేదు.

"ఓట్లొచ్చినయని యాదికొచ్చిన్నా?"

"అవు. ఓట్లు లేకుంటే ఇంకో ఏడు గూడ పంతం పట్టి కూసుందునేమో" అంది గుర్వమ్మ. "అమ్మ దినాలనాడు తప్పు మాట అన్న తమ్మీ. పని చేస్తె చెయ్, లేకుంటే లేదు. గీ మాట మాత్రం చెప్పే పోత."

అతను మిగిలిన రెండు అక్షరాలూ పూర్తి చేశాడు. "గోడ ఎంత పొడుగుంటది?" అని అడిగాడు.

గుర్వమ్మ ఇంటి గోడ రోడ్డు వైపే ఉంది. దానికి సున్నం వేసి ఒక పగలంతా నక్ష గీశాడు. కాగితంలో ఉన్నదాంతో ఆగలేదు. మోటరు గది, కల్వర్టు, గొర్ల దొడ్డి, ఎవరి మడి ఎక్కడుందో అన్నీ పెట్టాడు. మధ్యలో ఎర్రరంగుతో బాట. ఆ రోజు గుర్వమ్మ నాట్లకు పోకుండా డబ్బాలు అందించింది. గీత గీసే ముందు తమ్ముడు కదలకుండా గోడను అంచనా కట్టడం ఆమె మొదటిసారి చూసింది. ఆరేళ్లే కాదు, అంతకు ముందు కూడా అతని పనిని తాను ఎన్నడూ చూడలేదని ఆమెకు అర్థమైంది.

గొర్లకాపరి బీరప్ప వచ్చి గోడ మీద వేలు పెట్టాడు. "గీడ్నే మా నాయిన బండి తోలిండు. నేను ఎనక కూసున్న."

"గా మాట అధికారుల ముందు చెప్తవా తాతా?" అంది నక్ష చూసేందుకు ఊరికొచ్చిన స్వర్ణ.

"ఉన్నది చెప్పెతందుకు భయమేంది?"

గుర్వమ్మ పందొమ్మిది ఓట్ల తేడాతో ఓడిపోయింది. మర్నాడు మామూలుగానే నాట్లకు పోయింది. రెండు వారాలకు, గెలిచిన ప్రమీలమ్మ ఆమె వాకిట్లోకి వచ్చి గోడ ముందు నిలబడింది.

"అక్కా, గిది నాకు జర సమజ్ చెయ్. సంతకం పెట్టేది నేనే గద."

పెద్దలు వద్దన్నా, బాట తిరిగి ఇప్పించాలన్న పంచాయతీ తీర్మానం మీద ఆమె సంతకం పెట్టింది. అర్జీలు స్వర్ణ రాసింది. సర్వేయర్ రెండుసార్లు వచ్చి, రైతులు అడ్డం పడితే వెనక్కి పోయాడు. మూడోసారి, 2021 ఎండాకాలంలో, గుర్వమ్మ ముఠాలోని ఆడవాళ్లందరినీ తీసుకొచ్చి కొలత అయ్యేదాకా ఎండలో కూర్చోబెట్టింది. బీరప్ప సాక్ష్యం చెప్పాడు. హద్దురాళ్లు పడ్డాయి. ఆ వారంలోనే బాట మీద మొరం మట్టి పోశారు.

ఇప్పుడు ముగ్గురూ కాలనీ ఇళ్ల పట్టాల వెంట పడ్డారు. ప్రతి ఇంటి కొలతా విజేందర్ గీసిపెట్టాడు, స్వర్ణ ఫైలు కట్టింది. ఆఫీసులో పోయిన ప్రతిసారీ రేపు రమ్మంటున్నారు. గుర్వమ్మ ప్రతి రేపూ పోతూనే ఉంది.