మగ్రిబ్‌ను ఫజర్ అనుకున్న రోజు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. దాన్ని అలాగే పెట్టుకుని అన్నం తిన్నాను, నమాజు చేశాను, మూడుసార్లు ఊరికి పోయి వచ్చాను, కూతురి పెళ్లి కూడా చేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు ఆగుతాను?

మాది రాయచోటి దగ్గర పల్లె. జెద్దాలో ఒక ఇంట్లో పనిచేస్తాను. ఆ ఇంట్లో సారు, మేడమ్, ముగ్గురు పిల్లలు, సారు వాళ్లమ్మ. ఆ పెద్దావిడకు షుగరు, దానికి తోడు మతిమరుపు. రోజుకు రెండు ఇన్సులిన్ సూదులు పడాలి. పొద్దున ఫజర్ నమాజు అయ్యాక వేసేది నా పని. సాయంత్రం మగ్రిబ్‌కు కాస్త ముందు వేసేది వీరమ్మ పని. వీరమ్మ అన్నది అసలు పేరు కాదు. అమలాపురం వైపు మనిషి, నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అనేది. ఇద్దరం ఒకే గదిలో పడుకునేవాళ్లం.

ఎండాకాలం సెలవులకు ఆ ఇంటివాళ్లు అమెరికా పోతారు. పిల్లల్ని చూసుకోవడానికి నన్నూ తీసుకుపోతారు. పెద్దావిడ అంత ప్రయాణం చేయలేదు కాబట్టి ఆమెతో వీరమ్మ ఉండిపోయేది. ఆ నెలన్నర రెండు సూదులూ వీరమ్మే వేసేది. ఒక్కనాడూ పొరపాటు జరగలేదు.

అమెరికా అంటే మా ఊళ్లో అందరూ నా అదృష్టం గురించి మాట్లాడతారు. నాకు గుర్తుండేది మాత్రం నిద్ర. జెద్దాలో పొద్దున అయితే అక్కడ ముందురోజు రాత్రి. పదహారు గంటలు గాల్లో ఉంటాం, కిటికీలు మూసేస్తారు, పగలో రాత్రో తెలియదు. మేడమ్ మాత్ర వేసుకుని పడుకుంటుంది. నేను వేసుకోకూడదు, పిల్లలు లేస్తే ఎవరు చూస్తారు? దిగాక వారం పది రోజులు నేను నేనుగా ఉండను. ఒళ్లు నడుస్తుంది, గిన్నెలు తోముతుంది, పిల్లకు జడ వేస్తుంది. మనిషి ఇంకా దారిలోనే ఎక్కడో ఉంటుంది. గోడలు, మొహాలు కాస్త పాలిపోయి కనిపిస్తాయి. ఎవరైనా పిలిస్తే ఆ పిలుపు పక్కింట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. దానికి నాకు తెలిసిన మందు ఒక్కటే, చల్లనీళ్లతో కాళ్లు కడుక్కుని పొద్దు కుంకేదాకా నడుం వాల్చకుండా ఉండడం. ఆ రోజు అది చేయలేకపోయాను.

ఆ రోజు పొద్దున విమానం దిగాం. పెట్టెలు విప్పి, బట్టలు మిషన్లో వేసి, పిల్లలకు తినిపించేసరికి నా కాళ్ల కింద నేల అలల మీద ఉన్నట్టు ఊగుతోంది. మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక వీరమ్మే నన్ను గదిలోకి తోసి తలుపు వేసింది. పడుకున్నాను. ఏం కలలు వచ్చాయో చెప్పలేను గానీ, వాటిలో మా ఊరి బస్సు సముద్రం మీద వెళ్తోంది, నేను టికెట్టు తీసుకోలేదని భయపడుతున్నాను.

మెలకువ వచ్చేసరికి కిటికీలో బూడిదరంగు వెలుతురు. అజాన్ చివరి మాటలు వినబడుతున్నాయి. గడియారంలో ముళ్లు ఆరు దాటాయి. జెద్దా ఫజర్ అంత ఆలస్యంగా ఉండదని నాకు తెలియదా? తెలుసు. ఫజర్ అజాన్‌లో నిద్ర కంటే నమాజు మేలనే ఒక మాట ఎక్కువ ఉంటుందని పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఆ మాట పడిందా లేదా అని చెవి పెట్టానా? పెట్టలేదు. తెల్లారిందనుకున్నాను, అంతే. రాత్రంతా ఒకే నిద్రలో పోయాననుకుని సిగ్గుపడ్డాను కూడా. లేచి చేతులు, మొహం, కాళ్లు కడుక్కుని వజూ చేసుకుని, ఫజర్‌కు చదివినట్టు రెండు రకాతులు చదివాను. మగ్రిబ్‌కు మూడు చదవాలి. ఆ ఒక్క రకాతు లోటుతోనే నేనెంత నిద్రలో ఉన్నానో మీకు అర్థమవుతుంది.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. సారు, మేడమ్, పిల్లలు నాలాగే పడి నిద్రపోతున్నారు. వీరమ్మ మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది, అది నాకు తర్వాత తెలిసింది. నేను ఆరేళ్లుగా రోజూ చేసే పనే చేశాను. ఫ్రిజ్ తెరిచి ఇన్సులిన్ పెన్ను తీసుకున్నాను. పొద్దున వేసే మోతాదు తిప్పాను, అది సాయంత్రం దానికంటే ఎక్కువ. పెద్దావిడ మంచం మీద కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుకుంటోంది. ఇప్పుడే వేశారు కదా అని చెప్పేంత జ్ఞాపకం ఆమెకు లేదు. పొట్ట మీద సూది వేసి, దుప్పటి సర్దాను. నెలన్నర తర్వాత కనిపించానని నా చెంప నిమిరింది. ఐదు నిమిషాలు పడుకుని లేచి టిఫిను పెడదామని గదిలోకి వచ్చాను.

మళ్లీ కళ్లు తెరిచేసరికి అరుపులు. కిటికీ వైపు చూశాను. వెలుగు పెరగాల్సింది, పెరగలేదు. నల్లగా చీకటి పడి ఉంది. ఆ చీకటిని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. అప్పుడు అర్థమైంది. నేను లేచింది పొద్దున కాదు.

పెద్దావిడకు చెమటలు పట్టి మాట పడిపోయింది. డ్రైవరు, సారు కలిసి ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికింది. నాలుగు రోజుల తర్వాత ఇంటికొచ్చింది కూడా. కానీ ఇన్సులిన్ ఎక్కువ పడిందని డాక్టరు చెప్పాడు. వాడిన సూదుల డబ్బా తెరిస్తే పైన అప్పుడే వాడినవి రెండు ఉన్నాయి. మేడమ్ వీరమ్మను నిలదీసింది. ఒక్కటే వేశానని వీరమ్మ ఏడ్చింది. మేడమ్ నా వైపు తిరిగి, నువ్వు విమానం దిగి ఒళ్లు తెలియకుండా పడుకునే ఉన్నావు కదా అంది. నేను తల ఊపాను. నోటితో అబద్ధం ఆడలేదని ఆ రాత్రి నన్ను నేను సముదాయించుకున్నాను. ఎంత సిగ్గులేని సముదాయింపు అది. నిజం చెబితే పోలీసులు, జైలు, ఊళ్లో పరువు అన్నీ కళ్ల ముందు తిరిగాయి. అవన్నీ వీరమ్మకూ ఉంటాయని నాకు తట్టలేదా? తట్టింది. 

పోలీసుల దాకా పోకుండా వారంలో వీరమ్మకు దేశం వదిలి పొమ్మని ఎగ్జిట్ కొట్టించారు. వెళ్లే రోజు పెట్టె సర్దుకుంటూ ఆగి, నా మొహంలోకి చూసింది.

"అక్కా, నిజం చెప్పు. నేను గానీ రెండోసారి ఏసేసి మర్సిపోయేనంటావా?"

నన్ను అనుమానించలేదు. తనను తానే అనుమానించుకుంది. ఆ క్షణం నా చేతిలో ఉంది. ఊరుకున్నా సరిపోయేది.

"ఏమో వీరమ్మా, పనుల్లో పడి మర్సిపోయింటావేమో," అన్నాను.

తల ఊపి, పెట్టె జిప్పు లాగింది. సూది పొరపాటు నిద్రమత్తులో జరిగింది, దానికి అల్లా నన్ను ఏమనుకున్నా సరే. ఈ మాట మాత్రం పూర్తి మెలకువలో అన్నాను.

మొన్న అమెరికా నుంచి తిరిగొచ్చాం. ఇప్పుడు దిగినరోజు సూది ముట్టుకునే ముందు, ఇది పొద్దునా సాయంత్రమా అని ఎవరినో ఒకరిని అడుగుతాను. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, నన్ను చూసి నవ్వుతారు. వాళ్ల నాయనమ్మకు తొంభై దగ్గర పడుతున్నాయి. నమ్మకమైన మనిషినని చుట్టాలందరికీ మేడమ్ నన్ను చూపిస్తుంది. ఆ మాట విన్నప్పుడల్లా వంటింట్లోకి పోయి ఏదో పని వెతుక్కుంటాను.

నిన్న మధ్యాహ్నం ఆ నిద్ర కాని నిద్రలో ఉండగా వీరమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. పండక్కీ పబ్బానికీ పంపుతూనే ఉంటుంది, నేనే పొడిపొడిగా జవాబిస్తాను. వాళ్ల అత్తకు షుగరొచ్చిందట. "సూది నేనెయ్యనక్కా. రోజూ ఆరెంపీ గారొచ్చి ఏసెళ్తారు. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు. ఆ పెద్దావిడ బాగుందా?" అని అడిగింది.

మూడుసార్లు విన్నాను. ఆమె ఉద్యోగం ఒక్కటే పోయిందనుకున్నాను ఇన్నేళ్లూ. చేతులు కూడా తీసేసుకున్నానని ఇప్పుడు తెలిసింది.

మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా చెప్పలేను, మీ దగ్గర గొప్పలెందుకు. వీరమ్మకు మాత్రం ఇవాళ జవాబు రికార్డు చేశాను. మొదట మాఫ్ చెయ్యమని ఏడుస్తూ పెట్టాను, చెరిపేశాను. మళ్లీ ఆమె దగ్గరే ఏదో అడిగి తీసుకోవడం ఏమిటి? భయం గురించి, నిద్ర గురించి చెప్పాను, అదీ చెరిపేశాను. చివరికి మిగిలింది ఇంతే.  పంపేశాను.

"వీరమ్మా, ఆ రోజు నువ్వు ఒక్క సూదే వేసినావు, సరిగ్గానే వేసినావు. రెండోది నేనేసినాను. నాకు ఆ రోజే తెలుసు."