నాలుగో నెల అని చెప్పిన అవ్వ

మా ఊరి మంత్రసాని అవ్వ పోయింది. మొన్న సోమవారం పొద్దున వికారాబాదు కోర్టు మెట్లెక్కుతుంటే, తాండూరు బండి దిగి వచ్చిన మా ఊరి మనిషి ఆ కబురు చెప్పాడు. "నిన్న పొద్దుగూకంగ పోయింది అన్నా. నాలుగొద్దులు జరమొచ్చింది, గంతే. ఇయ్యాల పొద్దు వాలకముందే మట్టి చేస్తరట" అన్నాడు. ఆ రోజు నాకు రెండు వాయిదాలున్నాయి. రెండింటికీ వేరే తారీఖు అడిగి రైలెక్కాను. రైల్లో కూర్చున్నాక ఏడుపు వచ్చింది. నన్ను ఈ లోకంలోకి తెచ్చిన చేతులు ఆమెవి. ఆ మనిషిని బోనెక్కించి, నలుగురిలో అబద్ధాలకోరు అనిపించినవాణ్ణి నేను. ఈ నాలుగు ముక్కలు రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

తాండూరుకు కోసెడు దూరం మా ఊరు. చుట్టుపక్కల నాలుగైదు పల్లెలకు అవ్వే దిక్కు. పొట్టి మనిషి, కానీ ఆమె నడిస్తే వెనక వచ్చేవాళ్లు పరుగెత్తాల్సిందే. పురుటింట్లో అడుగుపెట్టాక పిల్ల ఏడ్చేదాకా మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. నిప్పుల మీద అరచేతులు కాచుకుని, ఆముదం రాసుకుని, అప్పుడు కడుపు మీద చెయ్యి వేసేది. "కన్ను మోసం జేస్తది కొడుకా, అరచెయ్యి చెయ్యది" అనేది. గుమ్మం దగ్గర తచ్చాడే మగవాళ్లను తిట్టకుండా వదిలేది కాదు. మా నాయన ఊళ్లో పెద్ద రైతు, అందరూ ఆయనకు దారి ఇచ్చేవాళ్లు. నేను పుట్టిన రోజు ఆయనకు కూడా తిట్లు తప్పలేదట.

ప్రతి ఆదివారం చర్చికి పోయేది. దిష్టీ గిష్టీ ఏమీ లేదని పాస్టరుగారు ఎంత చెప్పినా ఆ ఒక్క విషయంలో వినేది కాదు. "అయ్యగారు పరలోకం ముచ్చట చెప్తడు, నేను మా వాడకట్టు ముచ్చట చెప్తున్న" అనేది. కడుపుతో ఉన్న మనిషిని చూపించి ఎన్నో నెల అని ఎవరడిగినా రెండు తగ్గించి చెప్పడం ఆమె పద్ధతి. ఆరైతే నాలుగు, తొమ్మిదైతే ఏడు. "కడుపు ముచ్చట కడప దాటొద్దు" అనేది. ఊరంతా అదే పద్ధతి పట్టింది. ఆమె లెక్కన మా ఊళ్లో నిండు నెలలకు పుట్టినవాడు ఒక్కడూ లేడు. అందరం ఏడో నెలలోనే పుట్టి పహిల్వాన్లమయ్యాం. చిన్నప్పుడు ఈ మాట చెప్పుకుని ఎంత నవ్వుకునేవాళ్లమో.

అప్పటికి పోలీసు చర్య జరిగి మూడు నాలుగేళ్లయింది. నిజాం కాలపు చట్టం పోయి కొత్త చట్టం వచ్చిన కొత్తలు. నేను వికారాబాదులో సర్కారు వకీలు దగ్గర జూనియరుగా చేరాను. ఆ వానాకాలంలో మా ఊరి చంద్రమ్మను ఆమె పెనిమిటికి దాయాది అయినవాడు కడుపు మీద తన్నాడు. చంద్రమ్మకు అది తొలిచూలు. పెనిమిటి ఊళ్లో లేని రోజు చూసుకుని ఆ దాయాది పొలం గట్టు రాళ్లు పీకుతుంటే ఆమె అడ్డం పోయింది, అదీ ఆమె చేసిన నేరం. విన్న వెంటనే అవ్వ ఆమెను ఎడ్లబండి ఎక్కించి తాండూరు ఠాణాకు తీసుకుపోయింది. జమేదారు కాగితం ముందు పెట్టుకుని "ఎన్నో నెల?" అన్నాడు. చుట్టూ జనం. "నాలుగు నడుస్తున్నది సాబ్" అన్నది అవ్వ. నిజానికి ఆరు నిండవచ్చింది.

మరునాడు ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఇంటివాళ్లు ఆనవాయితీ ప్రకారం చిన్న కుండలో పెట్టి పెరట్లో పూడ్చారు. డాక్టరుకు చూపించాలని ఎవరికీ తోచలేదు. నాకు కబురు తెలిసేసరికి పది రోజులు దాటింది. తవ్వి తీస్తామంటే చంద్రమ్మ ఆ మట్టి మీద పడుకుంది. మేమూ ఇంక అడగలేకపోయాం.

కొత్త చట్టంలో ఒక సెక్షను ఉంది. ప్రాణం తీయగల దెబ్బ తల్లిని కొట్టి, దానివల్ల కడుపులో కదలిక వచ్చిన పిల్ల చనిపోతే పదేళ్లదాకా జైలు. కదలిక వచ్చి ఉండాలి, కీలకం అదే. దాన్ని ఎరిగినవాళ్లు ఇద్దరే: తల్లి, అవ్వ. దెబ్బ పడిన పొద్దున కూడా అవ్వ కడుపు మీద చెయ్యి వేసి, "ఎట్ల తన్నుతున్నదో సూడు, పోకిరి పొల్ల" అని మురిసిందట. పిల్ల పోయిన తల్లి కోపంతో ఏమైనా చెబుతుందని అంటారు కాబట్టి కేసంతా అవ్వ మాట మీద నిలబడింది. ఠాణాలో రాసిన కాగితం నకలు నా దగ్గరే ఉంది. అందులో నాలుగో నెల అని ఉంది, అంటే ఇంకా కదలిక తెలియని నెల. నేను చదివాను. అవ్వ పద్ధతి నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అయినా నా బుర్రకు తట్టలేదు. సీనియరుగారికి ముందే ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ సంగతి మేమే అవ్వ చేత మొదట చెప్పించేవాళ్లం. నాలుగు పుస్తకాలు చదివేసరికి సొంత ఊరు మరిచిపోయాను.

అవ్వ బోనెక్కి, దేవుని మీద ప్రమాణం చేసి, ఆరో నెల అని చెప్పింది. ఎదుటి వకీలు కాగితం చేత పట్టుకుని లేచాడు.

"ఠాణాల నాలుగన్నవు. ఈడ ఆరంటున్నవు. రెండిట్ల ఏది అబద్ధం?"

"ఠాణాల చెప్పిందే అబద్ధం సాబ్."

"ఎందుకు చెప్పినవ్?"

"అప్పటికి పొల్ల కడుపులనే ఉన్నది. బతుకుతదనుకున్న. నలుగురిల నిజం చెప్తే దిష్టి తాకుతదని భయపడ్డ. ఇప్పుడు ఎవరి దిష్టి తాకితే ఏముంది సాబ్?"

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. వకీలు కూడా నవ్వి, ఈ సాక్షికి అవసరం పడితే అబద్ధం చెప్పే అలవాటు ఉందని రాసుకొమ్మని మెజిస్ట్రేటుగారికి మనవి చేసి కూర్చున్నాడు. నేను తల వంచుకున్నాను.

పెద్ద సెక్షనుకు ఆధారం చాలదన్నారు. కేసు సెషన్సు కోర్టుదాకా పోనే లేదు. కొట్టినందుకు మాత్రం ఆ దాయాదికి మూడు నెలలు పడింది. మంత్రసాని మాట నమ్మదగ్గది కాదని తీర్పులో ఉంది. కోర్టు బయట అవ్వకు దాన్ని తెలుగులో విప్పి చెప్పే పని నా మీదే పడింది.

"గట్లయితే పొల్ల లేనే లేదంటున్నరా కొడుకా?"

"ఉన్నట్టు రుజువు కాలేదంటున్నరు అవ్వా."

"నా చేతిని తన్నింది గదరా" అని అరచెయ్యి చూపించింది.

తిరుగు బండి కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు చంద్రమ్మ ఒక్కటే మాట అన్నది. "నీ నోటితోటే నా బిడ్డను లేకుంట జేసినవ్ అవ్వా." ఆ తరువాత పదమూడేళ్లు, అవ్వ పోయేదాకా, ఆమెతో మాట్లాడలేదు. ఇద్దరు మగపిల్లలు పుట్టారు, రెండుసార్లూ బొంరాస్‌పేట దిక్కు నుంచి వేరే మంత్రసానిని పిలిపించుకుంది. ఆమె ఎదురైతే అవ్వ నిలబడిపోయేది. చంద్రమ్మ ముఖం తిప్పుకుని పోయేది. తప్పు అవ్వది కాదు, నాది అని నేను వెళ్లి చెప్పాను. "నువ్వు చదువుకున్నోనివి అన్నా, నీకేం దెలుసు. గామె నా కడుపు జూసిన మనిషి" అన్నది.

అవ్వ ఆనాటి నుంచి నెలలు తగ్గించడం మానేసింది. అసలు చెప్పడమే మానేసింది. ఎవరడిగినా "తల్లినడుగు" అనేది. దెబ్బలు తిన్న ఆడమనిషి ఎవరైనా వస్తే "ముందుగాల డాక్టరు, ఎనక ఠాణా, గటెనక ఏడుపు" అని తానే దవాఖానాకు నడిపించేది. నా భార్యకు నెలలు నిండుతుంటే పిలవకుండానే వికారాబాదు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని లాగి ఆమె కడుపు మీద పెట్టి, "తన్నుతున్నదా? రేపు సాక్ష్యం చెప్తవా వకీలు సాబ్?" అన్నది. నా భార్య నవ్వింది. అవ్వ నవ్వలేదు.

మొన్న పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరం పిడికెడు మన్ను వేశాం. సగం ఊరు ఆమె చేతుల్లో పుట్టిందే కాబట్టి వరుస చాలాసేపు నడిచింది. చివర చంద్రమ్మ వచ్చింది. వంగి మన్ను తీసుకుని గుంత అంచున నిలబడిపోయింది. వెనక పారలు పట్టుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారు. నేను దగ్గరికి పోయి "వెయ్యి చంద్రమ్మా" అన్నాను.

"ఎట్ల ఎయ్యాలె అన్నా? నా బిడ్డ తన్నిందని నాకెరుక, గామెకెరుక. గామె గుడ పోతే ఇంకెవరున్నరు?"

ఆమెను పక్కకు జరిపి గుంత పూడ్చారు. జనం వెళ్లిపోయారు. బండి వేళవుతుంటే నేనూ బయలుదేరాను. దారి మలుపు దగ్గర వెనక్కి చూశాను. చంద్రమ్మ ఆ పచ్చి మట్టి పక్కనే కూర్చుని ఉంది. పిడికిలి ఇంకా విప్పలేదు.