దేవుడమ్మ సూదంటురాయి

ఇనుమును లాగడం అయస్కాంతానికి నేర్పింది మా అమ్మమ్మ. అంతకుముందు అది ఊరికే పడి ఉండేది. భూమికి ఉత్తరం, దక్షిణం పెట్టింది కూడా ఆవిడే. కాకపోతే ఆ పని మీద ఎక్కువసేపు కూర్చోలేదు, పిల్లలకి గంజి వేళయింది. నమ్మనివాళ్ళు మలేసియాలోని బంటింగ్ వచ్చి ఆవిడనే అడగవచ్చు. తిట్లు తినడానికి సిద్ధపడి రావాలి, అంతే.

ఆవిడ పేరు దేవుడమ్మ. బంటింగ్‌కి ఆరు మైళ్ళ లోపల ఒక రబ్బరు తోటలో ఆయా. తెల్లవారుతూనే తల్లులు రబ్బరు పాల కోసం చెట్లు గీయడానికి పోతూ పిల్లల్ని ఆయా కొట్టాంలో దింపేవాళ్ళు. చంటిపిల్లలు చీర ఉయ్యాలల్లో, పాకేవాళ్ళు నేల మీద, నాలుగైదేళ్ళ వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ. అందరికీ ఆవిడ ఒక్కతే. అక్షరం ముక్క రాదు. అయినా ఆవిడ నోటికి తోట ఆఫీసులో లెక్కలు రాసే కిరాణీలు కూడా దారి తప్పుకునేవాళ్ళట. ఇది మా అమ్మ చెప్పింది, పేరు పాపాయి. మా అమ్మ ఆ కొట్టాంలోనే పెరిగింది.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, తెల్లదొరల సర్కారుకీ అడవిలోని కమ్యూనిస్టులకీ పోరు నడుస్తోంది. తోటల నుంచి అడవిలో ఉన్నవాళ్ళకి బియ్యం అందకూడదని సర్కారు కూలీల లైను ఇళ్ళన్నిటినీ ఒక్కచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేయించింది. గేటు దగ్గర తనిఖీ. అన్నం కూడా అందరికీ ఒకేచోట వండేవారు. కంచె వేసేనాటికి మా అమ్మకి ఏడాది. కంచె లేని తోట ఎలా ఉంటుందో తనకి తెలియదు. కొట్టాం గుమ్మంలో వెల్లకిలా పడుకుని చూస్తే మబ్బుల మీద ముళ్ళు కనిపించేవి. మబ్బులు నడవకుండా వాటిని అక్కడ తగిలించారని చాలా కాలం అనుకుందట.

కంచె వేసిన పనివాళ్ళు తీగ ముక్కలు, వంకీ మేకులు ఇసుకలోనే వదిలేసి పోయారు. చెట్లు గీసే అప్పన్న కొడుకు కూర్మయ్య నాలుగేళ్ళవాడు. ఒకనాడు కొట్టాం వెనక ఒక ముక్క మీద అడుగేశాడు. అమ్మమ్మ దాన్ని పీకి, పసుపు పెట్టి, గుడ్డ కట్టింది. సాయంత్రానికి వాడు మామూలుగా ఆడుకున్నాడు. ఎనిమిదో రోజున దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం అన్నారు. లారీలో ఆస్పత్రికి చేర్చారు గానీ వాడు తిరిగి రాలేదు.

వాడి తల్లి బంగారమ్మ అమ్మమ్మను ఒక్క మాట అనలేదు. కొన్నాళ్ళకి పనికి పోతూ చంటిపిల్ల విజయలెచ్చుమిని మళ్ళీ ఆవిడ చేతుల్లోనే పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేదని అమ్మమ్మ ఒకసారి అంది, నాతో కాదు, కోడితో. ఆనాటి నుంచి ఆవిడ తల దించుకుని నడిచేది. సిగ్గుపడి కాదు, నేల వెతుకుతూ.

ఆ రోజుల్లోనే ఇంజను షెడ్డులో ఫిట్టరు శివలింగం చెడిపోయిన ఇంజను విప్పి, అందులోని లాడం ఆకారపు అయస్కాంతాన్ని పక్కన పడేశాడు. అమ్మమ్మ దాన్ని అడిగింది.

"నీకెందుకు ఆయా? పప్పు రుబ్బుకుంటావా?" అన్నాడు శివలింగం.

"నీ మీసం ఇనపదో కాదో సూద్దామని. ఇలాగియ్యి."

సూదంటురాయి అలా కొట్టాంలోకి వచ్చింది. అమ్మమ్మ దానికి తాడు కట్టి, కర్రకి వేలాడదీసి, ఇసుకలో పుల్లతో ఒక గీత గీసింది. గీతకి ఇవతల ఒడ్డు, అవతల సముద్రం.

"సేపలు పట్టండి," అంది. "సముద్రంలో సెయ్యెడితే ఆట పోయినట్టే. కాలెడితే ఆ రోజుకి ఆటే నేదు."

పిల్లలు ఒడ్డున నిలబడి సూదంటురాయిని ఇసుక మీద ఈడ్చేవాళ్ళు. దానికి నల్లటి గడ్డంలా ఇనప రజను అంటుకునేది, గడ్డంలో తీగ ముక్కలు. తీగ ముక్క పెద్ద చేప, వంకీ మేకు పీత. సముద్రం ఖాళీ అయితే అమ్మమ్మ గీతను ఇంకో నాలుగడుగులు అవతలకి జరిపేది. అలా ఒక ఏడాదిలో సముద్రం కొట్టాం చుట్టూ తిరిగి, లైను ఇళ్ళ వెనక నుంచి కుళాయి దాకా పోయింది.

చేపలు దొరకని రోజున పిల్లలు కనిపించిన ప్రతి వస్తువుకీ దాన్ని ఆనించి చూసేవాళ్ళు. పాల డబ్బా మూత వచ్చింది. అల్యూమినియం కంచం రాలేదు. రబ్బరు పాలు పట్టే పింగాణీ కప్పు రాలేదు. మెట్టెలు రాలేదు.

"ఆయా, సెంబు ఎందుకు రాదు?"

"నన్నడుగుతావేటి? నాను సెంబునా?"

"మరెవర్ని అడగాల?"

"దాన్నే అడుగు. ఇంకోసారి ఎట్టి సూడు. కాయితం అడ్డమెట్టి సూడు. నీల్లలో ముంచి సూడు."

కాగితం అవతలి నుంచి కూడా సూది పరిగెత్తుకొచ్చింది. నీళ్ళ అడుగు నుంచి కూడా లేచింది. అమ్మమ్మ అరచెయ్యి అడ్డం పెడితే, ఆ చెయ్యి కింద కూడా సూది కదిలింది. ఆయా చెయ్యి లోపల ఏమీ లేదని, బోలుగా ఉంటుందని పిల్లలు అనుకున్నారు.

మా అమ్మకి బాగా గుర్తున్నది మధ్యాహ్నాలు. రబ్బరు షీట్లు పొగలో ఆరబెట్టే కొట్టు నుంచి వాసన, ఉయ్యాలలు తమంతట తాము ఊగడం, వాన రాబోయే ముందు చెట్లన్నీ ఊపిరి బిగబట్టడం. పెద్దపిల్లలు సూదులు, గోనెసంచులు కుట్టే దబ్బనాలు తెచ్చి సూదంటురాయికి రుద్దేవాళ్ళు. ఒకే వైపు రుద్దాలి, వెనక్కి రుద్దితే వచ్చిన బలం పోతుంది. అది ఎవరూ చెప్పలేదు, పాడు చేసుకుని తెలుసుకున్నారు. రుద్దిన సూదిని ఆకు మీద పెట్టి, కొబ్బరి చిప్పలో నీళ్ళ మీద వదిలితే, అది నిద్రలో ఒత్తిగిలినట్టు మెల్లగా తిరిగి ఎప్పుడూ ఒకవైపే ఆగేది.

"ఎటు సూస్తాది, ఆయా?"

"క్లాంగ్ వైపు."

"అక్కడేటుంది?"

"ఓడలుంటాయి. మీ తాతలు అక్కడే దిగినారు."

"మరి ఇది ఎనక్కి ఎల్లిపోద్దా?"

"ఎల్లదు. సూస్తాది, అంతే."

అప్పుడు చిప్ప చుట్టూ పిల్లలందరూ బోర్లా పడుకుని, తాము కూడా క్లాంగ్ వైపు చూసేవాళ్ళట.

యాభై ఏడు ఆగస్టులో మెర్డెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చింది. మా వైపు గొడవలు తగ్గాయి గనుక బడి మైదానం వైపు కంచె తీయిస్తానని, మెర్డెకా రోజున అక్కడ పిల్లలకి పరుగు పందేలు పెడతానని తోట దొర చెప్పాడు. ఐసు శర్బత్తు కూడా అన్నాడు. రెండు రోజుల ముందు పనివాళ్ళు వచ్చి కంచెని ముక్కలు ముక్కలుగా కత్తిరించి లారీలో వేసుకుపోయారు.

"అంతా ఏరీసినాం, ఆయా," అన్నాడు వాళ్ళ మీద మేస్త్రీగా ఉన్న కంగాణి.

అమ్మమ్మ గడ్డి వంక చూసింది. పిల్లలెవరికీ చెప్పులు లేవు. పరిగెత్తేవాళ్ళలో మా అమ్మ ఉంది, ఆరేళ్ళ విజయలెచ్చుమి ఉంది.

సూదంటురాయి అప్పటికి కొన్ని వందలసార్లు కిందపడి నీరసించింది. చెట్టు గీసే కత్తి మొద్దుబారితే మగవాళ్ళు నిప్పుల్లో ఎర్రగా కాల్చి, కొట్టి, పదును పెట్టడం ఆవిడ రోజూ చూసేదే. కత్తికి పనిచేసింది దీనికి పనిచేయదా అనుకుంది. పొయ్యి నిప్పుల్లో పెట్టి, ఎర్రగా కాలేదాకా విసనకర్రతో విసిరి, తీసి చల్లార్చింది. సూది దగ్గర పెడితే సూది కదలలేదు. మేకు పెడితే మేకు కదలలేదు.

శివలింగం దగ్గరికి పట్టుకెళ్ళింది. వాడు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "నిప్పులో పెట్టావా? చంపేశావు ఆయా. ఇంకోటి నా దగ్గర లేదు."

భూమికి ఉత్తరం పెట్టిన మనిషి ఆ సాయంత్రం కొట్టాం గుమ్మంలో చచ్చిన ఇనుము ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పందెం వద్దనడానికి ఆవిడ ఎవరు? ఏరేశామని కంగాణి అందరి ముందూ చెప్పాడు.

పిల్లలు చుట్టూ చేరారు. ఎవరో దబ్బనంతో డబ్బా మూతని పైకెత్తారు. మూత వేలాడింది. రాయి చచ్చినా, అది ఎన్నడో ఇచ్చిన బలం దబ్బనాల్లో అలాగే ఉంది. మొదట చూసింది తనేనని మా అమ్మ అంటుంది, తనేనని అమ్మమ్మ అంటుంది. ఈ సంగతి మీద ఇద్దరూ ఇప్పటికీ వారంలో రెండు రోజులు మాట్లాడుకోరు.

"ఎంతమంది కాడున్నాయే దబ్బనాలు? బేగి తెండి."

ఒక్కొక్క దబ్బనం బలహీనం. అయిదారు కలిపి కడదామంటే, మొనలన్నీ ఒకవైపు పెట్టగానే ఒకదాన్నొకటి తోసుకుని విడిపోయాయి. తాడు బిగించి కట్టాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్న, మంచు ఇంకా గడ్డి మీద ఉండగా, ఏడుగురు పిల్లలు వరసగా ఒడ్డున నిలబడి, కర్రలకి వేలాడే దబ్బనాల కట్టల్ని గడ్డిలో ఈడ్చుకుంటూ, కట్టలు తాకిన మేరకే అడుగేస్తూ నడిచారు. మంచులో వాళ్ళకి మోకాళ్ళ కింద కాళ్ళు కనిపించలేదట. నీళ్ళ మీద నడుస్తున్నామనుకున్నారు. అప్పుడప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు, ఒక చేప.

వాళ్ళ వెనక అమ్మమ్మ చెప్పుల్లేకుండా నడిచింది, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి, ప్రతి అడుగూ గట్టిగా నొక్కి వేస్తూ. రెండుసార్లు ఆగింది. కాలెత్తి, ఏదో పీకి, కొంగున ముడేసుకుంది.

మెర్డెకా రోజున పందెం జరిగింది. ఎవరు గెలిచారో అమ్మమ్మకి తెలియదు. గీత దాటిన ప్రతివాణ్ణీ పట్టుకుని, బోర్లా తిప్పి, అరికాళ్ళు చూసింది. విజయలెచ్చుమి అందరికన్నా ఆఖరున వచ్చింది. దాని కాళ్ళు రెండుసార్లు చూసింది. గడ్డి మరకలు, అంతే.

అప్పుడు బంగారమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అమ్మమ్మ కాలిని తన ఒళ్ళోకి లాక్కుంది. పసుపు పెట్టిన గుడ్డ విప్పి చూసింది.

"పసుపు సాలదు. నెగు. ఆస్పత్రికి పోదాం."

"ఐసు శర్బత్తు ఇస్తన్నారే."

"నెగమంటే."

పండగ లారీలో ఇద్దరూ బంటింగ్ వెళ్ళి సూదిమందు వేయించుకొచ్చారు. శర్బత్తు అయిపోయింది.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకి చదివి వినిపించాను. పిల్లలకి ఆటలోనే ఇంత చదువు చెప్పిన మనిషి ఈ జిల్లాలో లేదని ఇంకో ముక్క కలపనా అని అడిగాను. ఆవిడ తమలపాకు ఈనె తీస్తూ తలెత్తకుండా అంది:

"నానేటీ సెప్పలేదు. నా నడుం వంగక గుంటపిల్లల సేత ఏరించినాను. అబద్దాలు కొట్టీసి మళ్ళీ రాయి."