డుంబ్రిగుడ సంతలో ఓలి మేక

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డుంబ్రిగుడ సంతలో చింతపండు అమ్ముతున్న ఒక కొండామెను, పక్కన కట్టేసిన మేక ధర అడిగాను.

"దీన్ని అమ్మను బాబూ" అంది.

మరి సంతకెందుకు తెచ్చావన్నాను.

"నిరుడు ఈ సంతలోనే ఒకడు మా గుంటని సూసి మనువాడతానన్నాడు. ఓలి కింద ఈ మేకనిచ్చి తీసుకుపోనాడు. ఆడు సెప్పిన ఊర్లో ఆడెవుడో ఎవులికీ తెలీదు. ఓలి తిరిగిచ్చేత్తే గుంట ఇంటికొచ్చేయాల. ఆడు కనబడితే ఇచ్చేద్దారని తెత్తన్నాను."

ఓలి అంటే పిల్లను అడిగినవాడు పిల్లవైపువాళ్లకు ఇచ్చుకునేది. కాపురం నచ్చకపోతే అది తిరిగిచ్చేసి, ఆడపిల్ల తలెత్తుకుని పుట్టింటికి రావచ్చు. మా మైదానాల్లో ఆ దారి కూడా లేదు. అలాంటి ఆచారాన్నే, పెళ్లికొడుకులా వచ్చిన ఆ ఆడపిల్లల బ్రోకరు వలగా విసిరాడు.

"పోలీసులకి చెప్పలేదా?"

"సెప్పినాను. ఓలి పుచ్చుకున్నావు, నువ్వే అమ్మేసినావు, కేసేటన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు నేర్చుకున్న ఆచారం, కేసు రాయాల్సినవాళ్లకు తెలియదా?

ఆమె మేకకు ఆకులు అందిస్తూ నెమ్మదిగా అంది.

"గుంటనే అమ్ముకునేదాన్నయితే, ఈ మేకనెందుకు అట్టిపెడతాను బాబూ?"