రంగు వేయమంటే లారీ మాయం

తెనాలి లారీ షెడ్ల వీధిలో షంషుద్దీన్ మేస్త్రీకి ఉన్నది ఒకటే జబ్బు: అడిగిన పనితో ఆగలేడు. హారన్ మోగడం లేదని స్కూటర్ ఇచ్చి, కాఫీ తాగి వచ్చేసరికి హారన్ తప్ప మిగతాదంతా గోనెపట్టా మీద ఉంటుంది. మిక్సీ మూత బిగుసుకుందన్న పాపానికి అతని భార్య షాహీదా వారమంతా చట్నీ లేని దోశలు పోసింది. గడియారం విప్పి మళ్లీ బిగించలేకపోయిన రాజుల కథలు పుస్తకాల్లో బోలెడు. విప్పి, బిగించి, అడగని గంట కూడా ఒకటి తగిలించి ఇచ్చే మనిషి మాత్రం తెనాలిలోనే ఉన్నాడు.

ఇదంతా తెలిసీ నగరం ఊరి ప్రకాశరావు గారు తండ్రి కొన్న పెట్రోలు లారీని అతని చేతిలో పెట్టారు. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, గుడ్లప్పగించిన లైట్లు. బాపట్లలో సముద్రం దారిన కొత్తగా హోటలు కట్టినవాళ్లు వాకిట్లో బొమ్మలా నిలబెట్టుకుంటామంటే సరేనన్నారు. "ముసలిదైపోయింది, ఇక నడవదు" అని రేపల్లె దాకా చెప్పుకొచ్చారు. నిజానికి మొరాయిస్తున్నది లారీ కాదు, ఆయన ఎడమ మోకాలు. ఆపరేషన్ అయ్యాక ఆ క్లచ్ తొక్కడం గండంగా ఉంది. ఆ మాట భార్య రాఘవమ్మ దగ్గర కూడా ఒప్పుకోలేదు. లారీ ఇచ్చేస్తే ఎందుకు తోలడం లేదని అడిగేవాళ్లుండరు. ఇవ్వడానికి మాత్రం ప్రాణం ఒప్పడం లేదు.

"రంగొక్కటే షంషుద్దీనూ! స్క్రూ ముట్టుకున్నావంటే ఊరుకోను."

"రంగేనండి బాబాయి గారూ. నేనేంటి, చిన్నపిల్లాణ్నా?"

వారం పోయాక వెళ్తే క్యాబిన్ ఇటుకల మీద కూర్చుని ఉంది. దాని కింద ఏమీ లేదు. ప్రకాశరావు గారు కిందికి వంగి చూశారు.

"లారీ ఏదయ్యా?"

"ఇదేనండి."

"ఇది ముక్కు! మిగతాదేది?"

"పాత ఛాసిస్, ఆ కింది చట్రమంతా తుప్పండి. తుప్పు మీద రంగు నిలుస్తుందేంటండి? కొత్త బండిది ఒకటి వేస్తున్నా."

మళ్లీ వెళ్తే ఇంజను లేదు. అది ఉన్నచోట పిల్లి ఈనింది.

"ఇంజనేదయ్యా?"

"పొగ కక్కుతోందండి. కొత్త రంగు నల్లబడదూ? డీజిల్‌ది పెడుతున్నా."

"రంగు కోసం ఇంజను మార్చినవాణ్ని ఎక్కడైనా చూశావా?"

"లేదండి. నేనే మొదలు."

ప్రకాశరావు గారు పక్కనున్న టైరు మీద కూలబడ్డారు. షాహీదా మంచినీళ్లిచ్చి, "మా మిక్సీ నయం బాబాయి గారూ, మూత మిగిలింది" అంది.

అప్పగింత రోజున లారీని చూసి ఆయన నోరు తెరుచుకుంది. అదే ముక్కు, అవే గుడ్లు, తండ్రి ముచ్చటపడిన అదే ఆకుపచ్చ. చక్రాల కింద నిమ్మకాయలు.

"యజమానే తొక్కించాలండి. అలాగే బాపట్ల తోలుకెళ్లి అప్పజెప్పండి."

ప్రకాశరావు గారి చెయ్యి ఎడమ మోకాలి మీదికి పోయింది. రాఘవమ్మ గారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

"రండి, ఎండెక్కుతోంది!"

ఎక్కారు. ఎడమ కాలు క్లచ్ మీద పెట్టి, కళ్లు మూసుకుని నొక్కారు. వెన్నలోకి వేలు దిగినట్టు దిగిపోయింది. నిమ్మకాయలు చితికాయి.

"క్లచ్చేంటయ్యా ఇలా ఉంది?"

షంషుద్దీన్ ఆయన కాలి వైపు చూడకుండా చేతులు తుడుచుకున్నాడు. "గట్టిగా ఉంటే బండి కుదుపుతుందండి. కుదిపితే రంగు పగులుతుంది."

అప్పుడు తట్టింది ప్రకాశరావు గారికి. లారీ తెచ్చిన రోజు షెడ్డులోకి తిప్పుతూ, గేరు మార్చినప్పుడల్లా తొడను చేత్తో ఎత్తి క్లచ్ మీద పెట్టుకోవడం వీడు చూశాడన్నమాట!

బాపట్ల దాటి సముద్రం గాలి తగిలింది.

"ఏవండీ, హోటలు వెనకబడిపోయింది!"

"చూశాలే."

ఇసుక దగ్గర ఆపి హోటలుకు ఫోన్ చేశారు. "ఏమనుకోకండి. మీరు అడిగింది బొమ్మ కదా, ఇది పనికిరాదండి. నడుస్తోంది."