తాడు పట్టుకున్న కంచు మనిషి

నా రూమ్మేట్ చలికాలమంతా దేవుడికి పెట్టిన పూలను ఒక కవర్లో దాచింది. వాడిపోయినా సరే చెత్తబుట్టలో వేయకూడదట, నీళ్లలో వదలాలట. పూలతో పాటు రంగు వెలిసిన అమ్మవారి ఫొటో కూడా అందులోకి చేరింది. కెనడాలోని నోవా స్కోషియాలో మేం చదువుకునే ఊళ్లో ఆ ఏడాది మనవాళ్లు ఎంతమంది దిగారంటే, బేస్‌మెంట్లో మంచం దొరికితే వీసా వచ్చినంత సంబరం. నలుగురం ఉండే గదిలో ఆ కవర్‌కి కూడా ఒక మూల ఇచ్చాం. ఆమెది వరంగల్ వైపు, నేను కోస్తా క్రైస్తవుల పిల్లని. ఆమె దీపం పెట్టుకుంటుంటే పక్కనే నేను బైబిల్ చదువుకునేదాన్ని. మా గొడవలన్నీ గిన్నెలు తోమే దగ్గరే.

మంచు కరిగాక, ఇద్దరికీ షిఫ్ట్ లేని రోజు చూసుకుని, మధ్యాహ్నం బస్సెక్కి సముద్రం దగ్గరికి వెళ్లాం.

రోడ్డు అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట ఒక కంచు విగ్రహం ఉంది. విగ్రహమంటే చెయ్యెత్తి నిలబడ్డ నాయకుడే నాకు తెలుసు. ఈయన రాతి మీద చతికిలబడి కూర్చున్నాడు. మడమలు రెండూ రాతి పగుల్లో తన్నిపెట్టి, వెనక్కి వాలి, రెండు చేతులతో తాడు లాగుతున్నాడు. తాడు నీళ్ల వైపు సాగి రాతిలోకి దిగిపోయింది. అవతలి కొసన ఎవరున్నారో శిల్పి చూపించలేదు. కింద ఫలకం మీద రాసింది చదివాం. ఆయన ఈ ఒడ్డున చేపలు పట్టుకుని బతికిన మామూలు మనిషి. ఓడలు బద్దలై జనం కళ్లముందే మునిగిపోతుంటే చూస్తూ ఊరుకోలేక, ఊరివాళ్లను కూడగట్టాడట. తాడు విసరడం నేర్పి, వంతులవారీగా కాపలా పెట్టాడట. అంతకుముందు ఇక్కడ అలాంటి ఏర్పాటే లేదట. పక్కన ఒక స్తంభానికి, నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే నారింజరంగు ట్యూబు, దానికి కట్టిన తాడు వేలాడుతున్నాయి.

మా ఇంట్లో విగ్రహాలకు మొక్కరు. అయినా ఆ మడమల ముందు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అంత సముద్రానికి ఎదురుగా ఒక్క మనిషి! నా రూమ్మేట్‌కి నాలాంటి మొహమాటాలేవీ లేవు. షూస్ విప్పి, ఆ కంచు పాదాలు తాకి కళ్లకద్దుకుంది.

"నువ్వు గూడ మొక్కు అక్కా, పుణ్యాత్ముడు" అంది. నేను చేతులు జేబుల్లోనే ఉంచుకున్నాను.

ఆ తర్వాత రాళ్ల వైపు చూసి అడిగింది: "కిందికి దిగాల్నా? ఏం గాదు గదా?"

"దిగవే. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, నాకు తెలీదా ఏంటి?"

మాది ఇసుక సముద్రం. కాళ్లు తడుపుకుని, మొక్కజొన్న పొత్తు తిని ఇంటికొచ్చే సముద్రం. ఈ నల్లరాళ్ల సంగతి నాకు ఒక్క ముక్క తెలీదు. గొప్పలు పోవడం మాత్రం బాగా తెలుసు.

ఆమె తడిరాయి అంచున కూర్చుని కవర్ ముడి విప్పుతోంది. నేను నాలుగడుగుల వెనక నిలబడి వీడియో తీస్తున్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక్క అల గోడలా లేచి ఇద్దరి మీదా పడింది. నీళ్లు నా నడుము దాకా వచ్చి వెనక్కి లాగాయి. కళ్లు తుడుచుకుని చూస్తే రాయి మీద ఆమె లేదు.

నేను పరిగెత్తాను. ఆమె వైపు కాదు, పైకి.

విగ్రహం దాకా వచ్చి, దాని భుజం పట్టుకుని ఆగాను. ఊపిరి అందడం లేదు. కంచు మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. పళ్లు బిగించి నీళ్లకేసే చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ట్యూబు లాక్కుని మళ్లీ కిందికి దిగాను.

రెండు రాళ్ల సందులో, మెడ దాకా నీళ్లలో, నాచు పట్టుకుని వేలాడుతోంది. కుక్కను తిప్పడానికొచ్చిన ఒక తెల్లావిడ, అరవై దాటి ఉంటాయి, మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చింది. "కూర్చో! నిలబడి విసిరితే నువ్వూ పోతావు. కూర్చుని విసురు!" అని ఇంగ్లీషులో అరుస్తూ, నా వెనకే కూర్చుని నా జాకెట్ గట్టిగా పట్టుకుంది. మొదటిసారి ట్యూబు రాయికి తగిలి వెనక్కొచ్చింది. రెండోసారి సరిగ్గా నా రూమ్మేట్ పక్కనే పడింది. కానీ ఆమె అందుకోవడం లేదు. ఒక చెయ్యి నాచుకు, రెండో చేతిలో కవర్.

"కవర్ వదలవే తల్లీ!"

"అమ్మవారున్నదక్కా!"

"ఆవిడకి ఈతొచ్చు, నీకు రాదు! వదులు!"

వదిలింది. ట్యూబులోకి చెయ్యి దూర్చింది. మడమలు రాతికి తన్నిపెట్టి ఇద్దరం లాగాం. ఇంకో అల వచ్చి మీద పడింది. తాడు అరచేతులను కోసుకుపోతున్నా వదల్లేదు. బక్కపల్చని పిల్ల ఒక్కర్తిని ఒడ్డుకు చేర్చేసరికి మా ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఆ కంచు మనిషి ఇదే పనిని, చీకట్లో, గడ్డకట్టే చలిలో, మొహం కూడా తెలియని వాళ్ల కోసం బతుకంతా చేశాడు. అలాంటి మనిషి ఈ భూమ్మీద నడిచాడంటే ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

ఆ పెద్దావిడ అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా తన కారులో హీటర్ వేసి మమ్మల్ని కూర్చోబెట్టింది. నా రూమ్మేట్ మోకాళ్లు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. వణుకుతూనే నన్ను చూపించి, "మై సిస్టర్. షీ సేవ్‌డ్ మీ" అని ఆవిడకు చెప్పింది. ఆవిడ నా భుజం తట్టి, అంబులెన్స్‌కి దారి చూపించడానికి రోడ్డు మీదికి వెళ్లింది.

ఆ మెచ్చుకోలు మోయడం నా వల్ల కాలేదు.

"నేను ముందు పారిపోయానే" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"చూసినక్కా" అంది. "నువ్వు ఉరుకుతుంటే, ఇగ అయిపోయిందనుకున్న. చెయ్యి ఇడిసిపెడ్దామనుకున్న. మళ్ల నువ్వు దిగొస్తుంటే చూసి గట్టిగ పట్టుకున్న."